చేపల తొట్టిలో సహజమైన కట్టె: చెట్టును ఎంచుకోవడం నుంచి నీళ్లలో కుదురుకునే దాకా

అక్వేరియంలో డ్రిఫ్ట్‌వుడ్ (అంటే ఎండిన సహజమైన కట్టె) పెట్టాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఎంతసేపు ఉడకబెట్టాలి? అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. అది ఏ చెట్టు కట్టె? మీ ఇంటి నీళ్లు ఎలాంటివి? ఈ రెండూ తెలిస్తే ఉడకబెట్టడం పెద్ద పనేం కాదు. తెలియకపోతే మాత్రం రోజంతా ఉడకబెట్టినా భరోసా ఉండదు. ఎందుకంటే కొన్ని చెట్ల విషం మరిగే నీటికి పోదు. కొన్ని నీళ్లలోనైతే ఎంత మంచి కట్టె వేసినా మీరు ఆశించిన మార్పు రాదు. అందుకే ఆ రెండింటితోనే మొదలుపెడతాను.

కట్టె నీళ్లలో చేసే పని

కరక్కాయ కొరికితే నాలుకకు తగిలే వగరు ఉంది కదా, అది టానిన్ల వల్ల వచ్చేదే. నల్లతుమ్మ బెరడుతో, తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసేది కూడా ఈ టానిన్ల బలంతోనే. ఎక్కువ తక్కువలే తప్ప దాదాపు ప్రతి కట్టెలోనూ ఇవి ఉంటాయి. కట్టె నీళ్లలో నానుతున్న కొద్దీ టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు మెల్లగా బయటికి వస్తాయి. తొట్టి నీళ్లు పలచని డికాషన్ రంగుకు తిరుగుతాయి. అమెజాన్‌కు ఉపనది అయిన రియో నీగ్రో నీళ్లు నల్లగా కనిపించడానికి కారణం ఇదే. అక్కడి నీళ్ల పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం) 4, 5 మధ్య ఉంటుంది. కార్డినల్ టెట్రాలు, డిస్కస్‌లు పుట్టి పెరిగేది అలాంటి నీళ్లలోనే. కాబట్టి ఆ రంగును మురికి అనుకోవద్దు. ఈ చేపలకు అది సొంత ఊరి నీళ్లే.

రంగుతో పాటు కట్టె ఇంకో పని చేస్తుంది. దాని పైభాగం అంతటా బ్యాక్టీరియా, సూక్ష్మజీవులు పలచని పొరలా పేరుకుంటాయి. రొయ్యలు, నత్తలు, ఓటోసింక్లస్ చేపలు, చేపపిల్లలు రోజంతా ఆ పొరను గీరి తింటాయి. బ్రిజిల్‌నోస్ లాంటి ప్లెకోలు (నోటితో అతుక్కునే సక్కర్ జాతి చేపలు) కట్టెను నోటితో గీకుతూనే ఉంటాయి. పనాక్ జాతి ప్లెకోలైతే కట్టెను ఏకంగా కొరికేస్తాయి. వాటిని పెంచేవాళ్లకు కట్టె అలంకారం కాదు, ఉండి తీరాల్సిన వస్తువు. ఇక బెదురు చేపలకు కట్టె చాటు ఎంత ధైర్యమో చూస్తేనే తెలుస్తుంది. ఖాళీ తొట్టిలో మూలకు నక్కి ఉండే చేపలు, దాక్కునే చోటు ఉందని తెలిశాక ముందుకు వచ్చి తిరుగుతాయి.

ముందు మీ నీళ్లు చూసుకోండి

కట్టె వేస్తే పీహెచ్ పడిపోతుందని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. పీహెచ్ ఎంత కదులుతుందో తేల్చేది నీళ్లలోని కార్బొనేట్ కాఠిన్యం. అక్వేరియం షాపుల్లో దీన్ని కేహెచ్ అంటారు. ఒక డిగ్రీ కేహెచ్ అంటే లీటరుకు సుమారు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానం. కట్టె వదిలే ఆమ్లాన్ని ఈ కార్బొనేట్లు ఎప్పటికప్పుడు అడ్డుకుంటాయి. తెలంగాణ, రాయలసీమ బోరు నీళ్లు చాలాచోట్ల బాగా గట్టివి. అలాంటి నీళ్లలో కేహెచ్ 8 డిగ్రీలు దాటి ఉంటే, రంగు మారుతుంది తప్ప పీహెచ్ చెప్పుకోదగ్గంతగా దిగదు. ‘ఇన్ని కట్టెలు వేసినా పీహెచ్ దిగలేదు’ అనే వాళ్ల ఇళ్లలో తరచూ జరిగేది ఇదే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేవి ఇంట్లో ఆర్ఓ ఫిల్టర్ నీళ్లు. వాటిలో కేహెచ్ దాదాపు సున్నా. ఒట్టి ఆర్ఓ నీళ్లతో చిన్న తొట్టి నింపి అందులో పెద్ద కట్టె పెడితే పీహెచ్ ఒక్కసారిగా జారిపోవచ్చు. చేపలకు తక్కువ పీహెచ్ కంటే ఉన్నట్టుండి మారే పీహెచ్ ఎక్కువ ప్రమాదం. పీహెచ్ 6 కంటే బాగా దిగితే ఫిల్టరులో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. సాధారణ చేపల తొట్టికి కేహెచ్ 3, 4 డిగ్రీలు ఉండేలా బోరు నీళ్లనూ ఆర్ఓ నీళ్లనూ కలిపి వాడితే నిశ్చింత. చుక్కలు వేసి చూసే పీహెచ్, కేహెచ్ కిట్లు రెండూ కొనుక్కోండి. కట్టె పెట్టే ముందు ఒకసారి, పెట్టాక మొదటి నెలలో వారానికోసారి చూసి రాసుకోండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు వేయకుండా తొట్టిలో పోయకూడదు.

ఒక్క హెచ్చరిక. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యికా సరస్సుల సిక్లిడ్ చేపలకు గట్టి, క్షారపు నీళ్లు కావాలి. వాటి తొట్టికి రాళ్లే అందం. కట్టె జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఏ చెట్టు పనికొస్తుంది, ఏది పనికిరాదు

నా నియమం ఒకటే: చెట్టు పేరు తెలియని కట్టెను తొట్టిలో పెట్టను. షాపులో కొనే మలేసియన్ డ్రిఫ్ట్‌వుడ్, మోపానీ, స్పైడర్‌వుడ్ లాంటివైతే వాటి గుణాలు పెంచేవాళ్లందరికీ తెలిసినవే. మలేసియన్ బరువైనది, చాలా ముక్కలు వెంటనే మునుగుతాయి, రంగు బాగానే దిగుతుంది. దక్షిణాఫ్రికా వైపు నుంచి వచ్చే మోపానీ రెండు రంగుల్లో గట్టిగా ఉంటుంది, నెలల తరబడి రంగు వదులుతుంది. స్పైడర్‌వుడ్ అజేలియా జాతి వేళ్ల మొదలు. సన్నని కొమ్మలతో అందంగా ఉంటుంది గానీ వారాల తరబడి తేలుతుంది, తెల్ల పొర కూడా దీనికే ఎక్కువగా పడుతుంది.

మన ఊళ్లో దొరికే వాటిలో మొదటి ఓటు జామకే. చాలా దేశాల్లో అక్వేరియం వాళ్లు వాడే కట్టె ఇది. నున్నగా ఉంటుంది, వంకరలు తిరిగిన కొమ్మలు ఉంటాయి, బెరడు తేలిగ్గా ఊడుతుంది, చేవ (లోపలి ముదురు కట్టె) గట్టిది. పెరట్లో ఎండిపోయిన జామచెట్టు ఉంటే దాని మొదలు, వేళ్లు కలిసిన చోటు వదలకండి. ఆ తర్వాత చింత. మాంసం కొట్ల దగ్గర మొద్దు చింతదే ఎందుకు ఉంటుందో దాని చేవ చూస్తే అర్థమవుతుంది. ముదురు గోధుమ రంగులో, రంపానికి కూడా ఒక పట్టాన లొంగనంత గట్టిగా ఉంటుంది. అయితే పైన ఉండే లేత రంగు కట్టెకు పురుగు తొందరగా పడుతుంది. దాన్ని చెక్కేసి చేవ మాత్రమే వాడాలి. నేరేడు కూడా మంచిదే. నీళ్లలో తొందరగా చీకదని దేశంలో చాలాచోట్ల బావుల అడుగున వేసే దిమ్మలకు ఆ కట్టెనే వాడారు. దీని వగరు ఎక్కువ, కాబట్టి నానబెట్టే ఓపిక ఉండాలి. నల్లతుమ్మ చేవ కూడా పనికొస్తుంది, బెరడు ఒక్క పేలిక కూడా మిగలకుండా తీస్తేనే. టానిన్లు ఎక్కువగా ఉండేది అందులోనే.

సర్కారు తుమ్మ గురించి చాలామందికి ఆశ ఉంటుంది. ప్రతి చెరువు గట్టు మీదా ఉంటుంది, వేళ్లు మెలికలు తిరిగి చూడముచ్చటగా ఉంటాయి. కానీ దాని ఆకుల్లో, కాయల్లో ఆల్కలాయిడ్లు ఉన్నాయి. బాగా ముదిరి, ఎండి, బెరడంతా పోయిన చేవ ముక్కను గట్టి చేపల తొట్టిలో వాడినా, రొయ్యల తొట్టిలో మాత్రం నేను పెట్టను. అంతకంటే భద్రమైన జామ ఊరంతా ఉండగా ఆ రిస్కు దేనికి?

ఇక దగ్గరకు రానివ్వకూడనివి. వేప: దాని చేదులో ఉండే అజాడిరాక్టిన్ పురుగులనే కాదు, రొయ్యలనూ దెబ్బతీస్తుంది. కానుగ: పాతకాలంలో చేపలను మత్తెక్కించి పట్టడానికి వాడిన చెట్లలో ఇదీ ఒకటి. కుంకుడు: దాని నురగలోని సాపోనిన్లు చేపల మొప్పలను పాడుచేస్తాయి. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు: గుండెను ఆపే విషాలున్నవి, ఎంత ఎండినా వద్దు. విషముష్టి: పేరులోనే తెలుస్తుంది. జెముడు జాతుల్లో పాలు కారేవన్నీ. జామాయిల్: నూనె వాసన పోదు. టేకు కొందరు వాడతారు గానీ, దాని నూనె నీటిపై పొరలా తేలే అవకాశం ఉన్నందున నేను వద్దంటాను. మామిడి, జీడిమామిడి సొనకు చర్మమే పొక్కుతుంది. పైగా మామిడి కట్టె మెత్తన, ఏడాది తిరిగేసరికి పొట్టుపొట్టుగా రాలుతుంది. కొబ్బరి, తాటి మొద్దులు పీచు పీచుగా కుళ్లిపోతాయి. పైన్, దేవదారు లాంటి జిగురు కారే చెట్లవీ వద్దు. ఫర్నిచర్ తుక్కు, ప్యాకింగ్ పెట్టెల చెక్క, వార్నిష్ వేసిన అలంకరణ కొమ్మలు అసలే వద్దు.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

డ్రిఫ్ట్‌వుడ్ అనగానే గోదావరి ఒడ్డున వరద తీశాక పేరుకున్న దుంగలు కళ్ల ముందు మెదులుతాయి. వాటి అందం కాదనలేం. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి, అది ఏ చెట్టో, దారిలో ఏ మందుల నీళ్లలో మునిగి వచ్చిందో తెలియదు. రెండోది చట్టం. నీళ్లలో కొట్టుకొచ్చిన, ఒడ్డున పడిన, మునిగిన కలప ఎవరిదో రుజువయ్యే దాకా ప్రభుత్వానిదేనని 1927 నాటి భారత అటవీ చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ 1967 నాటి అటవీ చట్టం ఉంది. రిజర్వ్ అడవిలోంచి అనుమతి లేకుండా కలప తేవడం దాని కింద నేరం. వరద పారుతుండగా దుంగలు పట్టేందుకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. అలంకారం కోసం ఆ సాహసం ఎంతమాత్రం వద్దు.

సముద్రపు ఒడ్డు కట్టెలో ఉప్పు లోపలిదాకా ఇంకి ఉంటుంది. నెలల తరబడి నానబెట్టి, నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పెరగడం ఆగిందని చూసుకుంటే గానీ వాడలేం. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలోని మడ చెట్ల వేళ్లను, ఎండినవైనా సరే, ముట్టుకోకండి. పీతలకూ చేపపిల్లలకూ అవే ఇళ్లు.

అన్నిటికంటే మంచి దారి తోటల్లో ఉంది. పాత జామ తోటలు పీకేసే రైతులను అడిగితే మొదళ్లు ఇస్తారు, చాలామంది వంటచెరకు ధరకే. చెట్టు ఏదో ఖాయంగా తెలుస్తుంది. చివరి పంటకు ఏ మందు కొట్టారో కూడా అక్కడే అడిగేయొచ్చు. మట్టిలోని వేళ్ల భాగం కంటే కొమ్మలకే పురుగుమందు ఎక్కువ తగులుతుంది కాబట్టి మొదలు, వేళ్లే అడగండి.

ముక్క పనికొస్తుందా అని చూడటం

చేతిలోకి తీసుకుని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గోరు దిగితే అది పుచ్చుకట్టె. చిన్న చాకు మొనతో నాలుగైదు చోట్ల గుచ్చండి. గట్టిగా తగిలినంత మేర ఉంచి, మెత్తబడిన చోటల్లా చెక్కేయండి. తర్వాత వాసన. ఎండిన కట్టెకు మట్టివాసన ఉంటుంది. పుల్లటి వాసన, బూజు వాసన, కిరోసిన్ లాంటి వాసన ఏదొచ్చినా పక్కన పెట్టేయండి. చివర్ని రంపంతో ఒక అంగుళం కోసి చూడండి. కోత లోపల పచ్చదనం, తడి, జిగురు కనిపిస్తే ఆ కట్టె ఇంకా చావలేదు.

పచ్చి కట్టెను ఉడకబెట్టి అదే వారం వాడదామనుకోవద్దు. లోపలి చక్కెరలు, పాలు నీళ్లలోకి దిగి బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. చేయి మందం కొమ్మను నీడలో, గాలి ఆడేచోట కనీసం ఆరు నెలలు ఆరనివ్వాలి. లావు మొదలుకు ఏడాది పట్టొచ్చు. నేల మీద పెడితే చెదలు పడతాయి, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. ఎండిందనడానికి గుర్తు: బెరడు దానంతటదే విడివడుతుంది, రెండు ముక్కలు కొడితే ఖణేల్‌మంటాయి.

శుభ్రం చేయడం, ఉడకబెట్టడం, నానబెట్టడం

బెరడు పూర్తిగా తీయాలి. నీళ్లలో అదే మొదట ఊడి కుళ్లుతుంది. చాకుతో తీసినంత తీసి, పగుళ్లలో మిగిలినదాన్ని గట్టి బ్రష్షుతో, పాత స్క్రూడ్రైవరుతో గీకండి. ఇనుప తీగ బ్రష్షు వద్దు, తీగ ముక్కలు ఇరుక్కుంటాయి. పగుళ్లలోని మట్టిని గొట్టం నీళ్ల ఒత్తిడితో కొట్టి తీయండి. ఆపైన గరుకు అంచులను గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దాక ఒక దూది ఉండను కట్టె అంతటా పోనివ్వండి. దూది పీచు ఎక్కడ చిక్కుకుంటే, ఫైటర్ చేప రెక్క అక్కడే చినుగుతుంది. బయటికి ఉబికిన కళ్లున్న గోల్డ్‌ఫిష్‌లైతే మొనదేలిన కొమ్మలే ఉండకూడదు. సబ్బు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు ఏ దశలోనూ వాడకండి. కట్టె వాటిని పీల్చుకుని నెలల తర్వాత వదులుతుంది.

ఇప్పుడు ఉడకబెట్టడం. వంటకు మళ్లీ వాడని పెద్ద గిన్నె ఒకటి దీనికి కేటాయించండి. స్టీలుదైతే మేలు. ఇనుప పాత్ర వద్దు, టానిన్‌కు ఇనుము తగిలితే నీళ్లు సిరాలా నల్లబడి కట్టె మీద మచ్చలు కడతాయి. కట్టె మునిగేంత నీళ్లు పోసి, పైకి తేలకుండా రాయి పెట్టి, మరిగాక గంట నుంచి రెండు గంటలు సన్నని మంట మీద ఉంచండి. కోసిన చివరను గమనించండి. కట్టె నాళాల లోపల చిక్కుకున్న గాలి సన్నని బుడగల వరుసగా అక్కడి నుంచి బయటికి వస్తూ ఉంటుంది. మంట ఆపాక కట్టెను అందులోనే చల్లారనివ్వండి. ఇది ముఖ్యం. వేడికి వ్యాకోచించి బయటికి పోయిన గాలి స్థానంలోకి, చల్లారేటప్పుడు నీళ్లు లోపలికి పోతాయి. వేడిగా ఉండగానే పైకి తీసేస్తే సగం శ్రమ వృథా.

ముదురు రంగు నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఇంకోసారి, ఇంకోసారి ఉడకబెట్టండి. నీళ్ల రంగు లేతబడే దాకా అన్నమాట. రోజంతా ఎడతెగకుండా ఉడకబెడితే మాత్రం మెత్తటి కట్టె పీచు వదిలిపోయి త్వరగా కుళ్లుతుంది. ప్రెషర్ కుక్కర్, ఓవెన్ ప్రయోగాలు వద్దే వద్దు.

గిన్నెలో పట్టని మొద్దుకు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. మొదట మరిగే నీళ్లు పైనుంచి పోసి, ఆపైన చల్లటి నీళ్లలో ముంచి బరువు పెట్టండి. మొదటి వారం రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి నీళ్లు మార్చండి. గట్టి చేవకు ఒకటి రెండు నెలలు పట్టడం మామూలే. డ్రమ్ముకు మూత వేయండి, లేదంటే దోమలకు ఊయల కట్టినట్టే.

తొట్టిలో పెట్టే ముందు చివరి పరీక్ష. క్లోరిన్ తీసిన నీళ్లు ఒక శుభ్రమైన బకెట్‌లో పోసి కట్టెను వారం ఉంచండి. నీటిపై ఇంద్రధనుస్సు రంగుల నూనె పొర, ఊపితే ఆగని నురగ, కుళ్లిన గుడ్డు వాసన, ఇందులో ఏది కనిపించినా ఆ ముక్క పనికిరాదు. టీడీఎస్ మీటరుతో మొదటి రోజూ చివరి రోజూ చూసి తేడా రాసుకోండి. కాస్త పెరగడం సహజం, వందల్లో పెరిగితే మళ్లీ నానబెట్టాల్సిందే.

తేలే కట్టెను కదలకుండా నిలపడం

కట్టె గోడల పదార్థం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. తేలుతున్నది కట్టె కాదు, అందులోని గాలి. గాలి పోతే ఏ కట్టె అయినా మునుగుతుంది. అంతదాకా ఆగలేని వాళ్లు అడుగున రాతి పలక బిగించాలి.

ఇక్కడ మన ఇళ్లలో ఒక పొరపాటు సహజంగా జరుగుతుంది. ఇంట్లో మిగిలిన కడప రాయి లేదా తాండూరు రాయి ముక్క వాడేస్తారు. రెండూ సున్నపురాళ్లే. కట్టె వదిలే ఆమ్లంతో నెమ్మదిగా కరిగి కాఠిన్యాన్ని పెంచుతాయి. మెత్తని నీళ్ల చేపలకు మీరు కట్టెతో ఇచ్చినదాన్ని ఆ రాయి తిరిగి లాగేసుకుంటుంది. అనుమానం ఉంటే రాయి మీద నిమ్మరసం లేదా వెనిగరు చుక్క వేసి చూడండి, బుడగలు వస్తే వద్దు. గ్రానైట్ కోతల ముక్క అయితే నిశ్చింత. చీమకుర్తి గ్రానైట్ పలకల దుకాణాల్లో మిగిలే తునకలు ఎన్నో. అక్కడే రెండు రంధ్రాలు వేయించుకోండి. కింద నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో కట్టెకు బిగించి, పలకను ఇసుకలో కప్పేయండి. మామూలు ఇనుప మేకు తుప్పు పట్టడమే కాక టానిన్‌తో కలిసి నల్ల మచ్చలు పెడుతుంది.

కట్టెను రెండు గాజు గోడల మధ్య గట్టిగా ఇరికించి నిలబెట్టడం ప్రమాదం. తడికి కట్టె ఉబ్బుతుంది. ఉబ్బిన కట్టె గాజును పగలగొట్టిన సందర్భాలున్నాయి. ఎటు చూసినా ఒక వేలు సందు ఉంచండి.

తొట్టిలో అమరిక

24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 70 లీటర్ల నీళ్లు పడతాయి. అలాంటి తొట్టికి ఒక్క మంచి ముక్క చాలు. తొట్టి అడుగు భాగంలో మూడో వంతు కంటే ఎక్కువ ఆక్రమించకూడదు. నేచర్ అక్వేరియం శైలికి ప్రాణం పోసిన జపాన్ ఫోటోగ్రాఫర్ తకాషి అమానో తొట్లను గమనించండి. కట్టెను తొట్టి నడిమధ్యన కాకుండా ఒక పక్కకు పెట్టేవారు. వేళ్లు గట్టు నుంచి నీళ్లలోకి దిగుతున్నట్టు, అన్నీ ఒకే దిక్కుకు వంగుతాయి. మీ ముక్కను నీళ్లు పోయకముందే పొడి తొట్టిలో నాలుగు రకాలుగా తిప్పి, ఫోటోలు తీసి ఎంచుకోండి. నీళ్లు పోశాక మార్చితే అడుగు ఇసుకంతా రేగుతుంది.

అందం ఒక్కటే చూస్తే చాలదు. కట్టె వెనక నీళ్లు కదలని మూలలో చెత్త పేరుకుంటుంది, కాబట్టి గోడకు ఆనించకుండా సైఫన్ గొట్టం దూరేంత జాగా వదలండి. ఫిల్టర్ నీళ్లు పీల్చే చోటుకు, హీటరుకు కట్టె తగలకూడదు. గొట్టంలాంటి రంధ్రాలుంటే చేప లోపలికి దూరి తిరగలేక ఇరుక్కుంటుంది. ఆ రంధ్రం చేప దూరలేనంత చిన్నదైనా కావాలి, తేలిగ్గా తిరిగేంత పెద్దదైనా కావాలి. కట్టెను లోతైన ఇసుకలో పూడ్చకండి, గాలి అందక కింద కుళ్లి దుర్వాసన పుడుతుంది.

మొదటి నెల

వారం పది రోజులకు కట్టె చివర్ల మీద, కోసిన చోట్ల, తెల్లని జిగట పొర కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే నీటి వాలుకు దూదిపోగుల్లా ఊగుతుంది. చాలామంది అప్పుడు కట్టెను పారేస్తారు, లేదా మందు వేస్తారు. రెండూ అనవసరం. కట్టెలో మిగిలిన చక్కెరలను తినే బూజు, బ్యాక్టీరియా అది. తిండి అయిపోగానే రెండు మూడు వారాల్లో, మొండి స్పైడర్‌వుడ్ అయితే ఆరు వారాల్లో, దానంతటదే పోతుంది. చూడలేకపోతే పాత టూత్‌బ్రష్షుతో గీకి సైఫన్‌తో లాగేయండి. నత్తలు, రొయ్యలు, మోలీ చేపలు దాన్ని తింటాయి. పొర మరీ దట్టంగా ఉంటే ఎయిర్‌పంపు నడుపుతూ ఉండండి, అది ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి. బూడిద రంగో నల్లరంగో తిరిగి, దుర్వాసన వస్తూ, కింది కట్టె మెత్తబడితే మాత్రం అది కుళ్లు. వెంటనే బయటికి తీయండి.

రంగు నచ్చని వాళ్లు వారానికి పావువంతు నీళ్లు మారుస్తూ, ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే సరిపోతుంది. కార్బన్ మూడు నాలుగు వారాలకు పనికిరాకుండా పోతుంది, మారుస్తూ ఉండాలి. రంగు నచ్చిన వాళ్లకు, ఫైటర్లూ టెట్రాలూ పెంచేవాళ్లకు, ఇంకో తోడు ఉంది: పార్కుల్లో, వీధుల్లో పెరిగే నాటు బాదం చెట్టు ఎండాకులు. పురుగుమందు తగలనివి, తమంతట తాము రాలినవి కడిగి, 30, 40 లీటర్లకు ఒకటి చొప్పున వేయొచ్చు.

చేపలకు మందు వేయాల్సి వస్తే వేరే తొట్టిలోనే వేయండి. కట్టె మందును పీల్చుకుంటుంది. ముఖ్యంగా రాగి ఉన్న మందు తగిలిన కట్టెను తర్వాత ఎప్పుడూ రొయ్యల తొట్టిలో పెట్టకూడదు.

కట్టె మీద మొక్కలు

మట్టిలో నాటనక్కర్లేని మొక్కలు కట్టెకు బాగా కుదురుతాయి: అనూబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫాలండ్రా, జావా మాస్. మాస్‌ను పలచగా పరిచి నూలు దారంతో చుట్టండి. అది కట్టెను పట్టుకున్నాక దారం చీకిపోతుంది. మందంగా చుడితే కింది పొర గాలి ఆడక గోధుమరంగుకు తిరుగుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్‌లకు అడ్డంగా పాకే దుంప ఉంటుంది. దాన్ని ఎప్పుడూ పూడ్చకూడదు, కుళ్లుతుంది. కట్టె పగులులో దుంపను ఆనించి నైలాన్ దారంతో కట్టినా సరే, సయనోఅక్రిలేట్ గమ్ముతో (సూపర్ గ్లూ అని అమ్మేది) అతికించినా సరే. గమ్ము వాడేటప్పుడు దుంపనూ కట్టెనూ గుడ్డతో తుడిచి, చుక్క వేసి, అర నిమిషం నొక్కి పట్టుకుని నీళ్లలో ముంచండి. తడికి అది గట్టిపడి తెల్లగా కనిపిస్తుంది. కొన్ని వారాలకు నాచు కప్పేస్తుంది.

ఏళ్ల తరబడి

మంచి చేవ కట్టె ఏళ్లపాటు ఉంటుంది. మెత్తనిది రెండు మూడేళ్లకే పొట్టు రాలుస్తుంది. నెలకోసారి నీళ్లు మార్చేటప్పుడు, హీటరు, ఫిల్టరు ప్లగ్గులు పీకేశాకే, కట్టె అడుగు భాగాన్ని గోరుతో నొక్కి చూడండి. నల్లని కుచ్చుల్లాంటి నాచు పట్టుకుంటే కట్టెను బయటికి తీసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్షుతో ఆ చోట పూసి, ఐదు నిమిషాలాగి, బాగా కడిగి పెట్టండి. నాచు ఎర్రబడి, తర్వాత తెల్లబడి రాలుతుంది. అదే చోట మళ్లీ వస్తే తొట్టిలో వెలుతురు, తిండి ఎక్కువవుతున్నాయని అర్థం.

గీకే చేపల కోసం కట్టె పెట్టేవాళ్లు సక్కర్ చేప పిల్లను కొనే ముందు ఒక్కసారి ఆలోచించండి. షాపులో వేలెడంత ఉండేది అడుగు దాటి పెరుగుతుంది, రెండడుగుల తొట్టి దానికి చాలదు. పట్టక చెరువులోనో కాలువలోనో వదిలేసిన ఆ చేపలే ఇవాళ ఆంధ్రలో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యపు చేపలు. చిన్న తొట్టికి ఐదారు అంగుళాలు దాటని బ్రిజిల్‌నోస్ చాలు.

కట్టెను కొంతకాలం బయట ఉంచాల్సి వస్తే బకెట్ నీళ్లలోనే ఉంచండి. పూర్తిగా ఎండితే గాలి మళ్లీ చేరి తేలడం మొదలవుతుంది, నానబెట్టే పని మళ్లీ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తీసే ముందు రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. ప్లెకో పిల్లలో, గుడ్లకు కాపలా కాస్తున్న తండ్రి చేపో లోపల ఉండొచ్చు. ఉంటే పిల్లలు ఈదే దాకా కట్టెను కదపకండి.